నాదమా, రొదయా?

సంగీతశాస్త్ర గ్రంథములు నాదమును ఆహతమని, అనాహతమని రెండు విధములుగా విభజించినవి. వీణతంత్రిని మీటినను, మృదంగమును తట్టినను పుట్టునది ఆహతనాదము. బండి ఇరుసు కిర్రుమన్నప్పుడును, రేకుల కప్పుమీద వడగండ్లు పడినప్పుడును పుట్టునది కూడ తాకిడివలన పుట్టునదే గదా! దానిని మనము నాదమనము, రొద అందుము. ఈ రెంటి నడుమ గీత గీచినది ప్రకృతియా, లేక మన చెవికి పట్టిన అలవాటా? ఇరువదవ శతాబ్దిలో పాశ్చాత్యదేశముల సంగీతజ్ఞులలో పలువురను ఈ ప్రశ్న వేధించినది. దానికి మాటలతో గాక వాయిద్యములతో సమాధానము చెప్పబూనిన నలుగురి కథ ఇది. వారి బృందము పేరు ‘లాస్ట్ ఎగ్జిట్’. కడపటి నిర్గమద్వారమని అర్థము.

1986 ఫిబ్రవరిలో ఈ నలుగురు ఐరోపాలో కచ్చేరీలు చేసినారు. అంతకు ముందు వారు ఒక్కచోట చేరి సాధన చేసినది లేదు. ఏ పాట వాయించవలెనో, ఎవరు ఎత్తుకొనవలెనో, ఎక్కడ ముగించవలెనో అనుకొన్నది లేదు. ఎదుట స్వరములు వ్రాసిన కాగితము లేదు. వేదిక ఎక్కినారు, వాయించినారు. ఒక శాక్సఫోను, ఒక విద్యుత్ గిటారు, ఒక విద్యుత్ బాస్ గిటారు, ఒక డ్రమ్ముల జత, ఇవే వారి సాధనములు. ఆ నెల పారిస్ నగరములో వారు వాయించినది వారి మొదటి రికార్డుగా వెలువడినది. జర్మనీలోని కొలోన్ నగరములో వాయించినది 1990లో వెలువడినది. మొదటిసారి వినువానికి అది సంగీతమని తోచదు. ఇనుప కార్ఖానాలో తుపాను చొరబడినట్లు తోచును. కాని రెండవసారి, మూడవసారి విన్న కొలది ఆ తుపానులో నాలుగు గొంతులు వేరువేరుగా వినవచ్చును. అవి ఒకదానికొకటి బదులు చెప్పుకొనుటయు వినవచ్చును.

ఈ సంగీతము ఎట్లు పుట్టినదో తెలియవలెనన్నచో జాజ్ సంగీతపు పుట్టుకను కొంత తెలిసికొనవలెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికాలోని న్యూ ఆర్లియన్సు ప్రాంతమున నీగ్రోజాతివారు, అనగా బానిసలుగా కొనితేబడిన ఆఫ్రికనుల సంతతివారు, పెంచిన సంగీతమది. అందు ఒక పాట ఉండును. ఆ పాటకు స్వరసమ్మేళనముల వరుస ఒకటి ఉండును. ఆ వరుసను ఆధారము చేసికొని ఒక్కొక్క వాద్యకారుడు అప్పటికప్పుడు తన మనోధర్మము ననుసరించి వాయించును. మన గాయకుడు కల్పనస్వరములు పాడునప్పుడు రాగము ఒక గట్టు, తాళము ఒక గట్టు. ఆ రెంటి నడుమ ప్రవాహము ఎంత స్వేచ్ఛగా పారినను గట్టు తెగదు. అవధాని ఆశువుగా పద్యము చెప్పునప్పుడు ఛందస్సు అట్టి గట్టే. జాజ్ వాద్యకారునికి ఆ స్వరసమ్మేళనముల వరుస గట్టు.

ఆ గట్టును తెంచినవాడు ఆర్నెట్ కోల్‌మన్. ఆయన 1930లో టెక్సాస్ రాష్ట్రములోని ఫోర్ట్ వర్త్ పట్టణములో పుట్టినాడు. నల్లవారి పిల్లలకు వేరుబడులు, తెల్లవారి పిల్లలకు వేరుబడులు ఉన్న కాలమది. నల్లపిల్లలు చదివెడి ఐ. ఎం. టెరెల్ ఉన్నత పాఠశాలలో ఆయన బ్యాండుమేళములో చేరినాడు. ఒకనాడు అందరును ఒక కవాతు పాట వాయించుచుండగా ఈ బాలుడు దానిలో లేని స్వరములను తన ఇష్టము వచ్చినట్లు కల్పించి వాయించినాడనియు, అందుకు ఆయనను మేళమునుండి తీసివేసినారనియు చెప్పుదురు. 1959 నవంబరులో ఆయన న్యూయార్కు నగరమునకు వచ్చి ‘ఫైవ్ స్పాట్’ అను చోట వాయించినప్పుడు కొందరు మహాప్రతిభాశాలి అన్నారు, కొందరు మోసగాడన్నారు. 1960 డిసెంబరు 21వ తేదీన ఆయన ఎనమండుగురు వాద్యకారులను రెండు చతుష్టయములుగా చేసి, ఎడమ చెవికి ఒక బృందము, కుడి చెవికి ఒక బృందము వినబడునట్లు, ఇంచుమించు ముప్పదియేడు నిమిషములసేపు ఏకధారగా వాయింపజేసినాడు. దానికి ‘ఫ్రీ జాజ్’, అనగా స్వేచ్ఛా జాజ్, అని పేరు పెట్టినాడు. ఆ పేరే ఒక సంప్రదాయమునకు పేరైనది. మేళమునుండి తీసివేయబడిన ఆ బాలునికి 2007లో పులిట్జర్ బహుమానము వచ్చినది.

గట్టు తెగిన పిమ్మట ప్రవాహమునకు దిక్కేది? కోల్‌మన్ చూపిన మార్గము వినుట. పక్కవాడు వాయించుచున్నది విని, దానికి తగినది అప్పటికప్పుడు పలుకుట. ఒక స్వరము తప్పా, ఒప్పా అని నిర్ణయించునది ముందుగా వ్రాసిన వరుస కాదు. దాని తరువాత వచ్చెడి స్వరము. ఇది వినుటకు సులభముగా ఉండును గాని ఆచరణలో అతికఠినము. నియమము ఉన్నచోట దానిని పాటించి తప్పించుకొనవచ్చును. నియమము లేనిచోట ప్రతి క్షణమునకును వాద్యకారుడే పూచీ పడవలెను.

లాస్ట్ ఎగ్జిట్ బృందమునకు రెండవ మూలము రాక్ సంగీతము. రాక్ అనగా ముఖ్యముగా విద్యుత్తు. గిటారు తంతి కదలికను విద్యుత్తుగా మార్చి, ఆ విద్యుత్తును వేయింతలు చేసి, పెద్ద పెట్టెలనుండి ధ్వనిగా వెడలించుట దాని పద్ధతి. మన సభలలో ఉపన్యాసకుడు మైకును లౌడుస్పీకరుకు దగ్గరగా తెచ్చినప్పుడు అది కూతపెట్టుట అందరును ఎరిగినదే. స్పీకరునుండి వచ్చిన ధ్వని మరల మైకులో దూరి, మరింత పెద్దదై మరల స్పీకరునుండి వచ్చి, మరల మైకులో దూరి, ఇట్లు తిరుగుచుండుటయే ఆ కూతకు కారణము. సభలో అది దోషము. జిమీ హెండ్రిక్స్ అను గిటారు విద్వాంసుడు ఆ దోషమునే వాయిద్యముగా చేసికొన్నాడు. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ అను ఉత్సవములో ఆయన తన దేశపు జాతీయగీతమును గిటారుపై వాయించుచు, నడుమ ఆ కూతలతో బాంబులు పడినట్లును, విమానములు దూసికొనిపోయినట్లును వినిపించినాడు. వియత్నాం యుద్ధము సాగుచున్న దినములవి. వినువారికి వ్యాఖ్యానము అవసరము లేకపోయినది.

ఈ రెండు ఏరులును లాస్ట్ ఎగ్జిట్‌లో కలిసినవి. ఇక ఆ నలుగురు ఎవరో చూతము.

శాక్సఫోను వాయించినది పీటర్ బ్రోట్జ్‌మన్. 1941లో జర్మనీలోని రెంషైడ్‌లో, ప్రపంచయుద్ధము నడుమ పుట్టినాడు. వుప్పెర్టాల్ నగరములో చిత్రలేఖనము చదివినాడు. కడదాక చిత్రములు వేయుచునే ఉన్నాడు. శాక్సఫోను తనంతట తాను నేర్చినాడు. 1968 మే నెలలో బ్రెమెన్ నగరములో ఎనమండుగురితో ‘మెషిన్ గన్’ అను రికార్డు చేసినాడు. దానిని ఏ కంపెనీకి ఇయ్యక తానే మూడువందల ప్రతులు వేసికొన్నాడు. ఆ ఎనమండుగురిలో జర్మనులు, హాలండువారు, ఒక బెల్జియం వాడు, ఒక ఆంగ్లేయుడు, ఒక స్వీడన్ వాడు ఉన్నారు. అంతకు పాతికేండ్లకు పూర్వము జర్మనీ సేనలు హాలండును, బెల్జియమును ఆక్రమించి ఉన్నవి. ఇంగ్లండుపై జర్మను బాంబులు పడినవి. ఆ దేశముల బిడ్డలు ఒక్క గదిలో నిలిచి, తుపాకి పేరు పెట్టుకొని, తుపాకి లేకుండ గర్జించినారు. తండ్రుల తరము చేసిన ఘోరము, దానిపై వారు వహించిన మౌనము, ఇవి తన తరము గుండెలలో రగిలించిన కోపము తన సంగీతములో ఉన్నదని బ్రోట్జ్‌మన్ పలుమారు చెప్పినాడు. ఆయన శాక్సఫోను చెవికి ఇంపుగా ఉండకపోవుట ఆయన చేతగానితనము కాదు. ఇంపైన మాట పలుకుటకు ముందు పలుకవలసిన మాట ఒకటి ఆయనకు ఉన్నది.

గిటారు వాయించినది సన్నీ షారక్. ఈయన కథ కరుణరసాత్మకము. 1940లో న్యూయార్కు రాష్ట్రములోని ఆసినింగ్‌లో పుట్టినాడు. చిన్ననాడు వీధులలో గుంపుగా పాడెడి పాటలు పాడినాడు. పందొమ్మిదవ యేట రేడియోలో మైల్స్ డేవిస్ బృందము వాయించుచుండగా అందులో జాన్ కోల్ట్రేన్ శాక్సఫోను విన్నాడు. అంతటితో ఆయన మనస్సు ఆ వాద్యముమీద లగ్నమైనది. కాని ఉబ్బసవ్యాధి ఉన్నది. ఊదుటకు ఊపిరి చాలదు. ఇరువదవ యేట, కోరినది దొరకక, గిటారు పట్టినాడు. పట్టినాడేగాని గిటారును గిటారువలె వాయించుటకు ఆయన ఏనాడును ఒప్పుకొనలేదు. తాను గిటారుపై శాక్సఫోను వాయించువాడననియే భావించినాడు. లోహపు గొట్టమును తంతులపై జార్చి, తంతులను వేగముగా గీకి, విద్యుత్తుతో స్వరమును చీల్చి, ఊపిరి తెగునట్లు ఊదెడి శాక్సఫోనులోని ఆక్రోశమును తన వ్రేళ్ళతో సాధించినాడు. 1966లో ఫారో సాండర్స్ అను శాక్సఫోను విద్వాంసునితో కలిసి వాయించినాడు. 1970 తరువాతి యేండ్లలో ఆయనను లోకము మరచినది. పొట్టకూటికై కారు నడిపినాడు. మానసికవ్యాధులుగల పిల్లలను కనిపెట్టి చూచెడి కొలువు చేసినాడు.

ఆ మరుగునుండి ఆయనను మరల వెలుగులోనికి తెచ్చినవాడు బృందములోని మూడవవాడు, బాస్ గిటారు వాయించిన బిల్ లాస్వెల్. నలుగురిలోను చిన్నవాడు; 1955లో ఇల్లినాయిస్ రాష్ట్రములోని సేలంలో పుట్టినాడు. ఇతడు వాద్యకారుడు మాత్రమే కాక రికార్డుల నిర్మాత కూడ. 1981లో తన బృందమైన ‘మెటీరియల్’ రికార్డులో షారక్‌ను వాయింపజేసినాడు. 1983లో హెర్బీ హాన్కాక్‌తో కలిసి ‘రాకిట్’ అను రికార్డును నిర్మించినాడు. తిరుగుచున్న గ్రామఫోను రికార్డును చేతితో ముందుకు వెనుకకు లాగి గీరుకొనునట్లు చేసెడి ధ్వని ఆ పాటలో ప్రధానము. ఇండ్లలో పిల్లలు అట్లు చేసినచో పెద్దలు కేకలు వేయుదురు. అదే ధ్వని ఆ పాటతో దేశదేశముల మారుమ్రోగినది. తరువాతి కాలమున లాస్వెల్ మన తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌తో కలిసి ‘తబలా బీట్ సైన్స్’ అను బృందములో పాల్గొన్నాడు. వారి రికార్డు 2000లో వెలువడినది.

డ్రమ్ములు వాయించినది రోనాల్డ్ షానన్ జాక్సన్. ఉపాధ్యాయులు శ్రద్ధగా వినవలసిన కథ ఈయనది. 1940లో ఫోర్ట్ వర్త్‌లో, అనగా కోల్‌మన్ పుట్టిన ఊరిలోనే పుట్టినాడు. ప్రాథమిక పాఠశాలలో ఆయనకు సంగీతము చెప్పిన గురువు జాన్ కార్టర్. తరువాత క్లారినెట్ వాద్యములో మహావిద్వాంసుడని పేరు పొందినవాడు. జాక్సన్ పెద్దవాడై చేరినది ఐ. ఎం. టెరెల్ పాఠశాలయే. ఏ మేళమునుండి కోల్‌మన్‌ను తీసివేసినారని చెప్పుదురో ఆ మేళములోనే జాక్సన్ కవాతుడప్పు వాయించినాడు. అక్కడ క్రమశిక్షణ కఠినము. కాని మధ్యాహ్నము భోజనవిరామములో బ్యాండుగది తెరచియుండెడిది. విద్యార్థులు అచ్చట చేరి తమకు తోచినట్లు జాజ్ వాయించుకొనెడివారు. ఉదయము కాగితముమీది కవాతుపాట. మధ్యాహ్నము మనసులోని పాట. ఆ ఒక్క పాఠశాలనుండి కోల్‌మన్, జాక్సన్ మాత్రమే కాదు, డ్యూయీ రెడ్‌మన్, జూలియస్ హెంఫిల్ మొదలైన ప్రసిద్ధులును వచ్చినారు. వేరుచేయబడిన పిల్లల బడి అది. ధనముగల బడి కాదు. అయినను ఒక దేశపు సంగీతచరిత్ర మలుపు తిరుగుటలో దానికి పాలు ఉన్నది.

జాక్సన్ 1966లో న్యూయార్కు చేరి ఆల్బర్ట్ ఐలర్‌తో వాయించినాడు. 1975 ప్రాంతమున కోల్‌మన్‌తో వాయించినాడు. 1978లో పియానో విద్వాంసుడు సెసిల్ టేలర్‌తో వాయించినాడు. స్వేచ్ఛా జాజ్‌కు మూలపురుషులనదగిన ఈ మువ్వురి చెంత పనిచేసిన డ్రమ్ములవాడు ఆయనయే. నడుమ కొంతకాలము మాదకద్రవ్యముల పాలై, తరువాత బౌద్ధమంత్రజపము అలవరచుకొని తేరుకొన్నాడు. లాస్ట్ ఎగ్జిట్ కచ్చేరీలలో అందరును ఉప్పొంగి హద్దులు దాటుచున్నప్పుడు జాక్సన్ కాలిక్రింది పెద్దడ్రమ్ము చిన్ననాటి కవాతును మరవదు. అది నేల. ఆ నేల ఉన్నందుననే మిగిలినవారు ఎగురగలిగినారు.

ఇంకొక విశేషము కలదు. రొద మిన్నంటిన వేళ జాక్సన్ అప్పుడప్పుడు గొంతెత్తి బ్లూస్ పాట పాడును. బ్లూస్ అనగా ప్రత్తిచేలలో, రైలుకట్టలమీద చెమటోడ్చిన నల్లజాతి కూలీల వేదనాగీతము. జాజ్‌కును రాక్‌కును తల్లి. అంత తుపానులో ఆ ముతక పల్లెపాట వినవచ్చినంతనే వినువానికి ఒక సత్యము స్ఫురించును. ఇది ఎక్కడినుండియో ఊడిపడిన వింత కాదు, పాతవేదనకే కొత్తగొంతు.

నలుగురును ముందుగా సాధన చేయక వేదిక ఎక్కినారనుట నిజము. కాని సాధన లేనివారనుట నిజము కాదు. 1986 నాటికి వారిలో మువ్వురు ఇంచుమించు ఇరువదియేండ్లుగా వేదికలమీద నున్నవారు. అవధాని సభలో ప్రవేశించునప్పుడు వెంట కాగితము తీసికొనిపోడు. వేలకొలది పద్యములు తీసికొనిపోవును. వీరును అట్లే. అనాలోచితముగా చేసినట్లు కనబడునది అనేక సంవత్సరముల ఆలోచన. దీనిని గ్రహింపక, ఏదో ఒకటి గట్టిగా వాయించినచో స్వేచ్ఛాసంగీతమగునని భ్రమించిన అనుకర్తలు పాశ్చాత్యదేశములలోను లేకపోలేదు.

ఈ సంగీతములో లోపములు లేవా? ఉన్నవి. ఎల్లప్పుడును అత్యుచ్చస్థాయిలో సాగెడి వాదనములో మెల్లని మాటకు చోటు తక్కువ. కొన్ని కచ్చేరీలలో ఒకడు మరియొకని మాట వినుటకు బదులు ముంచివేయుట కనబడును. నియమము లేని చోట అలవాటే నియమమై కూర్చుండు ప్రమాదమును ఉన్నది. ఆశువుగా చెప్పుచున్నానని తలచువాడు తెలియకయే నిన్నటి మాటలను చెప్పుచుండును. ఈ సంగతి వారెరుగనిది కాదని తోచును. 1988లో వెలువడిన ‘ఐరన్ పాత్’ రికార్డు స్టూడియోలో కూర్చుండి చేసినది. అందులో పది చిన్నకృతులు ఉన్నవి. మొదటిదాని పేరు ‘ప్రార్థన’. కొత్తగా వినదలచినవారు అచ్చటనుండి ఆరంభించుట మేలు. పారిస్ కచ్చేరీ తరువాత వినవచ్చును.

బృందము ఎక్కువకాలము నిలువలేదు. 1991లో లాస్వెల్ సహకారముతో షారక్ ‘ఆస్క్ ది ఏజెస్’ అను రికార్డు చేసినాడు. అందు శాక్సఫోను వాయించినది పాతికేండ్లనాటి సహచరుడు ఫారో సాండర్స్. డ్రమ్ములు వాయించినది కోల్ట్రేన్ బృందములో డ్రమ్ములు వాయించిన ఎల్విన్ జోన్స్. ఏ కోల్ట్రేన్‌ను రేడియోలో విని ఊపిరి చాలని యువకుడు శాక్సఫోనుకై పరితపించినాడో, ఆ కోల్ట్రేన్ సహచరులే వచ్చి ఆయన గిటారుకు తోడు నిలిచినారు. 1994 మే 25వ తేదీన, ఏబదిమూడవ యేట, ఆయన గుండెపోటుతో స్వగ్రామమైన ఆసినింగ్‌లో మరణించినాడు. ఆయన లేని లాస్ట్ ఎగ్జిట్ లేదు. జాక్సన్ 2013 అక్టోబరులో తాను పుట్టిన ఫోర్ట్ వర్త్‌లోనే కన్నుమూసినాడు. బ్రోట్జ్‌మన్ చివరి సంవత్సరములలో ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడి 2023 జూన్ నెలలో వుప్పెర్టాల్‌లో మరణించినాడు. ఒకరికి మొదటినుండియు ఊపిరి చాలలేదు; ఒకరు ఉన్న ఊపిరినంతయు ఊది వెచ్చించినారు.

నాదమునకును రొదకును నడుమనున్న గీత ఎక్కడ అని మొదట ప్రశ్నించుకొన్నాము. ఈ నలుగురి జీవితమును బట్టి చూడగా ఆ గీత ధ్వనిలో లేదు, వినుటలో ఉన్నది. ఒకరినొకరు వినుచు చేసిన చప్పుడు నాదము. ఎవరిని వినక చేసిన సుస్వరమైనను రొదయే. బండి ఇరుసు ఎవరి మాటయు వినదు; అందుచేతనే అది నాదము కాలేదు.

బడిపంతుళ్ళకు ఈ కథలో ఒక పాఠము మిగిలినది. ప్రతి తరగతిలోను కవాతుపాట నడుమ లేని స్వరము కల్పించి వాయించువాడు ఒకడుండును. వానివలన మేళము చెడును, గురువునకు కోపము వచ్చును, అది సహజమే. వానికి కవాతుపాట నేర్పవలసినదే. అది నేర్వనిచో జాక్సన్ కాలిక్రింది నేల వానికి దొరకదు. కాని మధ్యాహ్నము బ్యాండుగదికి తాళము వేయకుండుటయు నేర్పుటలో భాగమే. ఫోర్ట్ వర్త్ బడి ఒక్క బాలుని విషయములో తొందరపడినదేమోగాని, ఆ గది తలుపు తెరచియుంచినది. ఆ తలుపు తెరచినవారి పేరు ఏ రికార్డు అట్టమీదను లేదు.